తొమ్మిది డిగ్రీలు పక్కకు

హిందూపురం,
జూన్ 3

శ్రీమతి భాగ్యశ్రీ అక్కగారి సముఖమునకు,

తమ్ముడు గిరిధర్ సాష్టాంగపడి, లేచి, ప్యాంటు దులుపుకుని సమర్పించుకునే క్షమాపణ పత్రం ఏమనగా: మగ్గం మీద నుంచి నిన్ను లేపి ఈ కాగితం పట్టించినందుకు ధర్మవరం పట్టు పరిశ్రమ యావత్తూ నన్ను మన్నించాలి. నువ్వు ఇది చదువుతుండగా పాలు పొంగిపోతే ఆ పాలు మన్నించాలి. నాలుగేళ్ల చదువు చెప్పడానికి నన్ను అయిదేళ్లు భరించిన ఇంజనీరింగ్ కాలేజీ మన్నించాలి. ఎందుకంటే కింద రాయబోయే సంగతి ఏ పాఠంలోనూ లేదు. వీటిలో ఏ ఒక్కదానికీ నేను నిజంగా చింతించడం లేదని కూడా మనవి.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఇంజనీరన్నవాడు గంభీరమైన విషయాలను కాగితం మీదే పెట్టాలి.

నేను కట్టిస్తున్న కొత్త మసీదు దాదాపు పూర్తయింది. రెండు వేల మంది ఒకేసారి నమాజు చేసే హాలు, నడుమ ఒక్క స్తంభం లేదు. ఎనిమిది కమాన్ల మీద అరవై అడుగుల గుమ్మటం కూర్చుంది. కింద నిలబడి తుమ్మితే ఆ తుమ్ము పైకి వెళ్లి, తీరిగ్గా ఆలోచించుకుని, పెద్దమనిషి తుమ్ములా తిరిగి వస్తుంది. కమిటీ అధ్యక్షుడు రహమతుల్లా హాజీగారు గల్ఫ్ నుంచి తెచ్చిన ఫొటోల్లోని మినార్లు, పీరాన్ మేస్త్రి చిన్నప్పటి నుంచి చూసిన పెనుకొండ పాత మసీదు కమాన్లు, ఈ రెంటికీ పెళ్లి చేసిన పురోహితుణ్ని నేనే. పైన ఆడవాళ్లు నమాజు చేసుకునే అంతస్తు, పక్కన లైబ్రరీ, వీధి వైపు అందరికీ మంచినీళ్ల తొట్టి. తలుపులు తెరవకముందే మిరపకాయల లారీల డ్రైవర్లు ఆ తొట్టి దగ్గర ఆగుతున్నారు. ఎదురుగా ఉన్న శెట్టిగారి కొట్టు బోర్డు మీద ఇప్పుడు 'కొత్త మసీదు ఎదురుగా' అని రాసుకున్నారు. ఊరి పటం మారిపోయింది.

ఒక విచారకరమైన వార్త. పీరాన్ మేస్త్రిని పోయిన నెల పంపించేశారు. ఏటా మే ఇరవై ఎనిమిదిన మధ్యాహ్నం రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా మక్కా నడినెత్తిన ఉంటాడట. ఆ క్షణంలో నిట్టనిలువుగా కట్టె పాతితే, నీడకు ఎదురు దిక్కే మక్కా. రెండేళ్ల కిందట ఆయన ఆ పద్ధతిలోనే గూటాలు కొట్టి మక్కా వైపు గోడకు గీత ఇచ్చాడు. ఈ మే నెలలో సరదా పుట్టి మళ్లీ కట్టె పాతి, 'నా గోడ తప్పింది' అని అందరి ముందూ అన్నాడు. పాపం, డెబ్బై దాటాయి, ఎండదెబ్బ. కమిటీ వాళ్లు గౌరవంగా పెనుకొండ బస్సెక్కించారు.

అసలు సంగతి ఇప్పుడు. హాల్లో గుమ్మటం లోపలి పుట్టీ పని పొద్దున పూట మాత్రమే నడుస్తుంది. ఒంటిగంటకు కూలీలు వెళ్లిపోతే తాళం వేస్తాం. పొద్దున రుద్దిన పుట్టీ పొడి అంతా నేల మీద తెల్లటి ముగ్గుపిండిలా పరుచుకుని ఉంటుంది. నిన్న సాయంత్రం తాళం తీస్తే ఆ పొడిలో రెండు పాదాలు, రెండు మోకాళ్లు, రెండు అరచేతులు, ఒక నుదురు. ఎవరో నమాజు చేసి వెళ్లారు. తాళం వేసిన హాల్లో. అదీ ఇమాం నిలబడే గూడు వైపు కాదు, దానికి కాస్త కుడిగా తిరిగి.

వాచ్‌మన్ ఎర్రప్ప అది చూసి, "సారూ, నేను రేపట్నుంచి సెలవు" అన్నాడు. కమిటీకి చెప్పమన్నాను. దయ్యం వచ్చినా సైటులో హాజరు పట్టీ ఉండాలి కదా.

నీ తమ్ముడు,
గిరి, బి.టెక్ (సివిల్)

*

ధర్మవరం,
జూన్ 10

ఒరే గిరీ,

పాలు పొంగలేదు. నాయన పక్కనే కూచుని పోగులు అతుకుతుంటే గట్టిగా చదివి వినిపించినాను. పట్టు పరిశ్రమ మన్నించే దాకా వచ్చేసరికి, "వీడేదో చేసినాడే, అమ్మీ" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

నవ్వింది కాసేపే. ఫోన్లో నీ గొంతు నాకు దొరికిపోతుందని ఉత్తరం రాసినావు. చిన్నప్పుడు పక్కింటి గాజు పగిలిన రోజు కూడా నువ్వు ఇట్లాగే పక్క గదిలో నుంచి చీటీ పంపినావు.

నాకు రెండు సంగతులు అర్థం కాలేదు. మేస్త్రి 'గోడ తప్పింది' అంటే ఎవరైనా కొలిచి చూడాల కదా. ఎవరు చూసినారు? నాయన నేసేటప్పుడు పడుగు ఒక పోగు పక్కకు జరిగిందంటే, ఆరు గజాలు అయ్యేసరికి అంచు జానెడు వంకరపోతుంది. ఎవరైనా పెద్దాయన తప్పిందంటే మేము మగ్గం ఆపి చూస్తాము. 'పాపం ఎండదెబ్బ' అనము.

రెండోది, తాళం చెవులు ఎన్ని? ఎవరెవరి దగ్గర ఉండాయి?

ఈ నెలాఖరుకు అవ్వ మొక్కు తీర్చడానికి పెనుకొండ బాబయ్య దర్గాకు పోతున్నాము. ఆ కమాను బొమ్మ ఒకటి గీసి పంపు, కొంగుకు పెట్టి చూస్తాను. దయ్యాన్ని అడిగినానని చెప్పు.

అక్క

*

హిందూపురం,
జూన్ 21

అక్కా,

కమాను బొమ్మ జతచేశాను. గీత వంకరగా ఉంటే మన్నించు, మూడుసార్లు చెరిపి గీశాను.

చెవులు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి ఎర్రప్ప దగ్గర. నీ ఉత్తరం అందిన రోజే ఎర్రప్ప చెవి తీసేసుకున్నాను. అయినా సాయంత్రానికి గుర్తులున్నాయి. బజార్లో కొత్త తాళం కొన్నాను, చెవి మెడలో దారానికి కట్టుకున్నాను. స్నానానికి కూడా తీయలేదు. గుర్తులున్నాయి. కిటికీలకు జాలీ రాళ్లు బిగించేశారు, చెయ్యి కూడా పట్టదు. తలుపు దగ్గర నుంచి ఆ గుర్తుల దాకా నడిచి వచ్చిన అడుగులు లేవు. తిరిగి వెళ్లిన అడుగులు లేవు.

నిన్న దారం పట్టి కొలిచాను. గోడ గీతకూ ఆ మనిషి నిలబడిన గీతకూ తేడా తొమ్మిది డిగ్రీలు. మొన్న కూడా తొమ్మిదే. అటు మొన్న కూడా.

ఇంకొకటి. కుడి అరచేతి గుర్తు రోజురోజుకూ పలచబడుతోంది. మొదట్లో అయిదు వేళ్లూ తెలిసేవి. ఇప్పుడు పొడి మీద ఎవరో ఊపిరి వదిలినట్టు ఉంది, అంతే.

ఊళ్లో మాట పాకింది. ఎవరో పెద్దవలీ, అంటే మహాత్ముడు, వచ్చి నమాజు చేస్తున్నారని కొందరు, జిన్ను అని కొందరు. కొట్టు శెట్టిగారు కూడా గేటు దగ్గరికి వచ్చి చేతులు జోడించి వెళ్లారు. ఇప్పుడున్న మసీదులో నమాజు చదివించే హజరత్ మాత్రం గుర్తుల ముందు చాలాసేపు నిలబడి, "ఎవరైనా గానీ, దిక్కు తెలిసిన మనిషి లాగా ఉన్నాడు" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఊరికే చూశాడో లేదో తెలియదు.

హాజీగారు పదిమంది చేత ఫోన్లు తీయించి దిక్కు చూపించమన్నారు. పది ఫోన్లూ పది వైపులు చూపించాయి. గుమ్మటం నిండా ఇనుమే కదా. "ఇంజనీరు చెప్పినాడు, గోడ కరెక్టుగా ఉండాది" అని ఆయన తేల్చేశారు. వచ్చే నెల పదహారున నేల మీద వరసల గీతలు పరుస్తారు. నల్లరాయి పట్టీలు. ఒక్కసారి పరిస్తే ఆ గీతల మీదే మూడు తరాలు నిలబడతాయి.

జోకు ఏదైనా రాద్దామని ఒక గంట కూర్చున్నాను. తట్టలేదు.

గిరి

*

పెనుకొండ, దర్గా దగ్గర నుంచి,
జూన్ 30

గిరీ,

అవ్వ లోపల ఫాతిహా ప్రార్థన చదివించుకుంటోంది. నేను బయట అరుగు మీద కూచుని రాస్తున్నాను. తొందరగా రాయకపోతే నాకు కోపం తగ్గిపోతుంది.

నీ మొదటి ఉత్తరంలో నవ్వు ఉంది. రెండోదాంట్లో భయం ఉంది. ఒకే దయ్యానికి రెండు రకాలుగా ఎట్లా రాస్తావు అనిపించి, పీరాన్ మేస్త్రి ఇల్లు యాడ అని అడుక్కుంటూ పోయినాను. కోట గోడ వెనక సందులో. ఆయన భార్య ఫాతింబీ తలుపు తీసింది. గిరిధర్ అక్కనని చెప్పగానే నన్ను కూచోబెట్టి టీ పెట్టింది. ఆ టీ నేను ఎట్లా తాగినానో నాకే తెలుసు.

ఆయన మంచం మీద ఉన్నాడు. ఊరికి వచ్చిన వారానికే కుడి చెయ్యి పట్టు తప్పింది. ముందు వేళ్లు, తర్వాత మణికట్టు, ఇప్పుడు భుజం దాకా. డాక్టరు పక్షవాతం అన్నాడంట. నెల రోజులుగా ఆ మనిషి గడప దాటలేదు. కాబట్టి మీ హాలుకు వచ్చేది ఆయన కాదు. అది నేను కళ్లారా చూసినాను.

"పిల్లోడు బాగుండాడా? టయానికి తింటాండాడా?" అని అడిగినాడు. ఎవరిని అడుగుతున్నాడో నాకు కాసేపు తెలియలేదు. నిన్ను.

నేను ఉన్న గంటలో ఫాతింబీ ఆ మంచాన్ని మూడుసార్లు తిప్పింది. ఆయన పండుకునే నమాజు చేస్తాడు కదా, దిక్కు చూసుకోవాలి. ఒకసారి కుడికి జరపమంటాడు. కళ్లు మూసుకుంటాడు. మళ్లీ "కాదేమో మే ఫాతింబీ, కొంచెం ఎడమకు" అంటాడు. ఆమె నడుముకు చీర బిగించుకుని మళ్లీ తోస్తుంది. "నెల దినాలుగా ఇదే అమ్మా. యాభై ఏండ్లు ఊరందరికీ దిక్కు చూపించినోడు, ఇప్పుడు మంచం యాడ వేయాలో తెలీదంటాడు" అన్నది.

నేను అడిగేసినాను. గీత ఎట్లా తప్పింది మేస్త్రీ అని.

"గూటాలు కొట్టి నేను అన్న కూతురి పెండ్లికి కదిరి పోయినా. నాలుగు దినాలకు వచ్చి చూస్తే గూటాలు పక్కకు జరిగి ఉండాయి. పునాది కాలవ తవ్వేసినారు. మీ తమ్ముడు అప్పుడే కొత్తగా చేరినాడు. చదువుకున్న పిల్లోడు జరిపినాడంటే దాంట్లో ఏదో లెక్క ఉంటాది అనుకున్నా. నాదేముందమ్మా, ఒక కట్టె, ఒక నీడ."

మరి గూటాలు జరిగిన సంగతి కమిటీకి ఎందుకు చెప్పలేదు అన్నాను.

"ఏమని చెప్పేది? ఆ పిల్లోనిది తప్పా, నా కట్టెది తప్పా నాకే తెలీదు. తెలీకుండా ఒకని కూడు చెడగొడతామా? అది ఒక్కటి తెలిస్తే చాలమ్మా నాకు. ఈ మంచం ఒక పక్క పడుంటాది."

నాకు ఇంకేమీ వద్దు గిరీ. గూటాలు జరిపింది ఎవరు? మే నెలలో ఆయన అందరి ముందూ గోడ తప్పింది అన్నప్పుడు, కమిటీ ఎవరిని అడిగింది? ఆ మనిషి ఏమని జవాబిచ్చినాడు?

భాగ్యశ్రీ

*

హిందూపురం,
జులై 4

అక్కా,

గూటాలు జరిపింది నేనే.

ఉద్యోగంలో చేరి మూడో రోజు. ఫోన్లో దిక్సూచి పెట్టి చూశాను, మేస్త్రి గీత తొమ్మిది డిగ్రీలు తప్పినట్టు చూపించింది. పెద్దాయన పరువు పోకూడదని, ఆయన ఊళ్లో లేనప్పుడు నేనే సుత్తి పట్టుకుని చడీచప్పుడు లేకుండా సరిచేశాను. ఎంత మంచివాణ్నో చూడు. నేను ఫోన్ పట్టుకుని నిలబడిన చోటికి నాలుగడుగుల దూరంలో పునాది కమ్మీల కుప్ప ఉంది. లారీడు ఇనుము. సూది దాని వైపు లాగింది. ఫస్టియర్ కుర్రాడికి కూడా తెలిసిన సంగతి.

మే నెలలో కట్టె నీడ గోడకు లంబంగా పడకుండా పక్కకు పడినప్పుడు నాకు అప్పుడే అర్థమైంది. హాజీగారు నన్ను అడిగారు: "ఏమప్పా ఇంజనీరూ, నువ్వేమంటావు?" పీరాన్ మేస్త్రి కూడా నా వైపే చూశాడు. కోపంగా కాదు. నేనేదో లెక్క చెప్తానని, నేర్చుకుందామని చూశాడు.

"గోడ సరిగ్గానే ఉంది సార్. ఆయనకు కళ్లు సరిగా ఆనడం లేదు" అన్నాను.

ఆయన తన కళ్లు తుడుచుకుని మళ్లీ నీడను చూశాడక్కా. నా మాట నమ్మి తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రమే ఊరి బయట, ఇనుము లేని మైదానంలోకి వెళ్లి దిక్సూచితో మళ్లీ కొలిచాను. ఆయన కట్టె అణువంత కూడా తప్పలేదు.

ఇవాళ కుడి అరచేయి గుర్తు అసలే లేదు. ఎడమ చెయ్యి ఒక్కటే ఆనించి వంగినట్టుంది.

గిరి

*

ధర్మవరం,
జులై 8

గిరీ,

నాయనకు చదివి వినిపించలేదు. ఆయనే అడిగి తీసుకుని చదివినాడు. చదివి, మడిచి, మగ్గం గుంటలోకి దిగి పని చేసుకున్నాడు. రాత్రికి అన్నం తినేటప్పుడు, "వాడు ముందు పెనుకొండకు పోవాలా, కమిటీ దగ్గరికి పోవాలా?" అని అడిగినాడు. నేను కమిటీ అన్నాను. ఎందుకంటే అబద్ధం చెప్పింది ఆడ.

మేస్త్రికి నేను చెప్పను. నా నోటితో చెబితే ఆయన నమ్మడు, అక్క తమ్ముడి మీద నేరం ఎందుకు మోపుతోంది అనుకుంటాడు. పదహారో తేదీ రాళ్లు పరిచేస్తారని నువ్వే రాసినావు. అంతలోపల ఏం చేస్తావో నీ ఇష్టం. ఆ మంచం ఇంకా తిరుగుతా ఉంది, అది మాత్రం గుర్తుపెట్టుకో.

కొంగు మీదికి కమాను బొమ్మ ఎత్తడం ఆపేసినాను.

అక్క

*

హిందూపురం,
జులై 20

అక్కా,

పదిహేనో తేదీ దాకా రోజూ హాజీగారి మిరపకాయల మండీ దాకా వెళ్లి, రెండు తుమ్ములు తుమ్మి, వెనక్కి వచ్చాను. నా ధైర్యసాహసాల చరిత్ర అంతవరకే.

పదహారున నల్లరాళ్లు దిగాయి. పనివాళ్లు దారాలు పట్టారు. అప్పుడు హజరత్ అన్నాడు, "పీరాన్ చెప్పేవాడు, సూర్యుడు మక్కా మీదికి ఏడాదిలో రెండుసార్లు వస్తాడని. రెండోసారి ఇవాళే, రెండు యాభై ఏడుకు. ఒక్కసారి కట్టె పాతి చూద్దాం, పోయేదేముంది?" అందరూ ముంగిట్లోకి వచ్చారు. కట్టె పాతాం. రెండున్నరకు మబ్బు కమ్మింది. రెండు యాభై ఏడు అయింది, మూడు అయింది. నేల మీద నీడ లేదు. కట్టె ఉంది, అంతే.

హాజీగారు నవ్వారు. "సరేలే, అల్లా ఇష్టం, మబ్బు వచ్చింది. గోడ ప్రకారమే ఏసేయండప్పా" అన్నారు. పనివాళ్లు హాల్లోకి నడిచారు, వాళ్ల వెనకే మేమూ.

ఇంకొక్క నిమిషం ఊరుకుని ఉంటే సరిపోయేది. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ ఒక్క నిమిషంలో నాకు కనిపించింది ఫాతింబీ. నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు, నువ్వు రాసినదే. నడుముకు చీర బిగించుకుంటోంది.

"నీడ అక్కర్లేదు సార్. గీత తప్పింది. తప్పించింది నేను" అన్నాను. కమ్మీల కుప్ప దగ్గర నుంచి మొత్తం చెప్పాను. చెప్తుంటే నా గొంతు గుమ్మటంలోకి వెళ్లి తిరిగి వచ్చింది. దాంట్లో ఏ వేళాకోళమూ మిగల్లేదు.

హాజీగారు నన్ను కొడతారనుకున్నాను. ఆయన కింద కూర్చుండిపోయారు. "ఆ ముసలాయన్ని నేను బస్సెక్కించినాను" అన్నారు. అదే మాట రెండుసార్లు అన్నారు.

హజరత్ చెప్పాడు, ఆ కాస్త తేడాకు నమాజు చెడిపోదట, దేవుడు కొలతబద్ద పట్టుకుని కూర్చోడట. "నమాజు సంగతి తర్వాత. మనిషి సంగతి ముందు" అన్నాడు. ఆ సాయంత్రమే కార్లో పెనుకొండ వెళ్లాం. పీరాన్ మేస్త్రి ముందు మంచం పక్కన నేల మీద కూర్చుని నేనే చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు:

"అయితే కట్టె కరెక్టేనా?"

"కరెక్టే మేస్త్రీ. అణువంత కూడా తప్పలేదు."

"మే, ఫాతింబీ. మంచం ఆ కిటికీ పక్కకు తిప్పు. ఇంక కదిలించొద్దు" అన్నాడు. ఆమె తిప్పబోతే నేను లేచాను. "నువ్వుండప్పా" అన్నది. తనే తిప్పింది. తిప్పి, మంచం నాలుగు కోళ్ల కిందా ఇటుక ముక్కలు పెట్టింది. ఆమె క్షమించలేదు, నేను అడగనూ లేదు.

నిన్న ఆయన్ని హాలుకు తీసుకొచ్చారు. కుర్చీలో కూర్చోబెట్టి దారం ఒక కొస ఎడమ చేతికిచ్చారు. రెండో కొస నేను పట్టుకున్నాను. "కుడికి. ఇంకొంచెం. ఆ, ఆడ నిలబడు" అన్నాడు. మొదటి నల్లరాయి ఆ గీతలో పడింది. గోడ ఒక దిక్కు, వరసలు ఒక దిక్కు. రెండు పక్కలా మూలల్లో ముక్కోణపు చోట్లు మిగిలిపోతాయి. ఎవరూ నిలబడలేని చోట్లు. మసీదు నిలిచినన్నాళ్లూ కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఇదెందుకిట్లా అని అడుగుతాడు. చివరి రాయి పడేదాకా నేను ఉండాలని, అడిగినవాడికల్లా నేనే జవాబు చెప్పాలని, ఆ తర్వాత వేరే ఉద్యోగం చూసుకోవాలని హాజీగారి తీర్పు. ఇప్పటికే పదకొండు మందికి చెప్పాను. నాలుగోవాడి దగ్గర నుంచి జోకులు మానేశాను.

పదహారు సాయంత్రం నుంచి హాల్లో గుర్తులు లేవు. పొడి పడ్డది పడ్డట్టే ఉంటోంది. ఎర్రప్ప ఏమో, వలీగారు అలిగి వెళ్లిపోయారంటున్నాడు.

ఇంక ఆఖరిది. దీన్ని నేను కమిటీకి చెప్పలేదు, హజరత్‌కు చెప్పలేదు. నీకు చెప్తాను. జూన్ రెండో తేదీన ఆ హాల్లో మోకాళ్లూ చేతులూ నుదురూ ఆనించింది నేను. తాళం వేసుకుని, దారం పట్టి, మేస్త్రి గీతకు సరిగ్గా కొలుచుకుని వంగాను. వెనక్కి వస్తూ నా అడుగులు చీపురుతో చెరిపేశాను. ఎవరైనా చూసి దిక్కు గురించి అనుమానపడితే, నేను నోరు తెరవకుండానే గీత సరిచేస్తారనుకున్నాను. అందుకే ఆ ఉత్తరంలో నవ్వు.

నేను చేసింది ఆ ఒక్క రోజే అక్కా. మూడో తేదీ నుంచి వచ్చినవి నావి కావు.

గిరి